కారవాన్‌కి బయట షవర్ కావాలా? బహదూర్‌పల్లి లొకేషన్ కబుర్లు

అభిమాన తార కారవాన్ లోపల ఏముంటుందో తెలుసుకోవాలని ఎవరికి వుండదు చెప్పండి! సోఫా ఎంత మెత్తన, అద్దం చుట్టూ బల్బులెన్ని, ఏసీ ఎంత చల్లన... ఈ కబుర్లు మీరు చాలాసార్లు చదివే వుంటారు. ఈసారి కారవాన్ బయట ఏముందో చెబుతాను. మొన్న వేసవిలో బహదూర్‌పల్లి దగ్గర జరిగిన ఒక అవుట్‌డోర్ షూటింగ్‌లో మూడు కారవాన్లు నిలబడి వున్నాయి. వాటిలో ఒకదానికి బయటి గోడలో షవర్ వుంది. ఆ షవర్ గురించి యూనిట్‌లో పెద్ద వాదనే నడిచింది. డబ్బు దండగని కొందరు, వుండి తీరాలని కొందరు. తీస్తున్న సీను కంటే ఆ వాదనే నాకు రసవత్తరంగా తోచింది!

సినిమా పేరు, తారల పేర్లు రాయనని ముందే మాటిచ్చాను. కాబట్టి అవి అడక్కండి. షవర్ సంగతి మాత్రం దాచకుండా చెబుతాను.

బాలానగర్ దాటాక...

బహదూర్‌పల్లికి దారి తేలికే. బాలానగర్‌లో నర్సాపూర్ రోడ్డు పట్టుకుని జీడిమెట్ల, షాపూర్‌నగర్, సూరారం దాటితే వచ్చేది బహదూర్‌పల్లి. ఇంకాస్త ముందుకెళితే గండిమైసమ్మ చౌరస్తా, ఆ తర్వాత దుండిగల్. కుడి చేతి వైపు తిరిగితే దూలపల్లి మీదుగా కొంపల్లి వెళ్లొచ్చు. 2016లో జిల్లాలు మారినప్పటి నుంచి ఇది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో వుంది.

ఒకప్పుడు ఈ వూరి పేరు చెబితే సత్యం కంప్యూటర్స్ గుర్తొచ్చేది. ఆ సంస్థ పెద్ద క్యాంపస్ ఇక్కడే. 2009 జనవరిలో ఆ కంపెనీ లెక్కల బాగోతం బయటపడి దేశమంతా అదిరిపోయింది. అదే ఏడాది అది టెక్ మహీంద్రా చేతికొచ్చింది. ఇప్పుడు అక్కడ మహీంద్రా యూనివర్సిటీ కూడా వుంది. 2022లో ప్రభుత్వం ఇక్కడి ప్లాట్లను వేలం వేసింది. అప్పటికే చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. అయినా రాళ్లగుట్టలు, తుమ్మచెట్లు, ఎర్రమట్టి కనిపించే ఖాళీ జాగాలు ఇంకా కొన్ని మిగిలి వున్నాయి. సినిమా వాళ్లకు కావలసింది అవే! పల్లెటూరి వీధి సెట్ వేసుకోవచ్చు, రాత్రికి మళ్లీ ఫిలింనగర్ చేరుకోవచ్చు.

ఒక్కటే చిక్కు. దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ వుంది. "సైలెన్స్!" అని అసిస్టెంట్ డైరెక్టర్ గొంతు చించుకున్న మరుక్షణం నెత్తి మీద శిక్షణ విమానం గుర్రుమంటూ పోతుంది. సౌండ్ రికార్డిస్టు హెడ్‌ఫోన్స్ తీసి ఆకాశం వైపు చూసి నవ్వుతాడు. చేసేదేముంది?

బురద సీను

ఆ రోజు తీసింది జాతరలో వాన, తొక్కిసలాట, ఫైటు. హీరో, ఎనిమిది మంది ఫైటర్లు, ఇరవై మంది జూనియర్ ఆర్టిస్టులు. వాళ్లలో ఏడుగురు ఆడవాళ్లు. ట్యాంకర్ నీళ్లు పోసి నేలంతా బురద చేశారు. పైన వాన పైపులు. 1979లో వచ్చిన 'వేటగాడు'లో ఎన్టీఆర్, శ్రీదేవి వాన పాట చూసి ఈలలు వేసిన వాళ్లు ఇప్పుడు తాతలయ్యారు గానీ, తెరమీద వాన కురిపించే పద్ధతి పెద్దగా మారలేదు. ట్యాంకర్, మోటారు, పైపులు, వాటి చివర జల్లెడ మూతులు. అంతే! తెరమీద పన్నీటి జల్లులా కనిపించే ఆ నీళ్లు ఏ బోరువో, ఏ బావివో. ఒంటిమీద ఆరితే దురద, జుట్టు జిగురు. అందుకే వాన షాట్ అవగానే మేకప్‌మాన్ మంచినీళ్లతో తల కడగమంటాడు.

మధ్యాహ్నం షాట్ ఓకే అయ్యింది. హీరోగారు నిలువెల్లా ఎర్రమట్టితో కారవాన్ దగ్గరికి నడిచొచ్చారు. లోపల లేతరంగు కార్పెట్. అప్పుడు డ్రైవర్ పరుగున వచ్చి బండి పక్కగోడలో వున్న చిన్న తలుపుకి తాళం తీశాడు. లోపల రెండు తిప్పుడు పిడులు, ఒకటి వేణ్ణీళ్లకు, ఒకటి చన్నీళ్లకు. రెండు గజాల పైపు, దాని చివర చేతిలో పట్టే షవర్. హీరోగారు అక్కడే నిలబడి కాళ్లూ చేతులూ తలా కడుక్కుని శుభ్రంగా లోపలికి వెళ్లారు. మొత్తం మూడు నిమిషాల పని. డ్రైవర్ మళ్లీ తలుపేసి తాళం బిగించాడు.

"గింత డబ్బాకు గంత తాళమెందుకన్నా?" అని అడిగాను.

"తెరిచి పెడితే ట్యాంకు ఖాళీ అయితది సార్. అందరూ వస్తరు" అన్నాడు.

అందరూ అంటే ఎవరు? తలతిప్పి చూశాను. ఇరవై ఎనిమిది మంది బురద మనుషులు ఆ చిన్న తలుపు వంకే చూస్తున్నారు.

ఇది పుట్టింది ఎక్కడ?

ఈ బయటి షవర్ మన సినిమా వాళ్లు కనిపెట్టింది కాదు. అమెరికాలో ఇంటినే బండిలో పెట్టుకుని తిరిగే మోటార్‌హోమ్‌లు చాలా ఏళ్లుగా వున్నాయి. 1966లో అయోవా రాష్ట్రంలో విన్నబాగో కంపెనీ వాటిని ఫ్యాక్టరీలో వరసగా తయారు చేయడం మొదలుపెట్టాక మామూలు కుటుంబాలు కూడా కొనుక్కోగలిగాయి. అడవుల్లో, సముద్రపు ఒడ్డున తిరిగొచ్చినప్పుడు ఇసుక కాళ్లతో, తడి కుక్కపిల్లతో లోపలికి పోకుండా బయటే కడుక్కోవడానికి ఈ షవర్ పెట్టారు. మన ఇళ్లల్లో గడప ముందు కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు పెట్టేవాళ్లు చూడండి, అదే సంగతి!

హిందీ సినిమాల్లోకి వ్యానిటీ వాన్లు తెచ్చిన పేరు నటి పూనం ధిల్లాన్‌కి దక్కింది. అది 1990ల నాటి మాట. మనవాళ్లు వ్యానిటీ వాన్ అనకుండా కారవాన్ అన్నారు. పేరు ఏదైనా, లోపల మేకప్ గది, పడక, బాత్‌రూమ్. బయటి షవర్ మాత్రం అన్ని బండ్లకీ వుండదు.

గోదారి వుండగా షవరెందుకు?

కారవాన్లు లేని కాలంలో అవుట్‌డోర్ వెళ్లిన తారలు ఏం చేసేవారు? లొకేషన్ దగ్గరే నీళ్లుండేవి! 1967లో బాపు 'సాక్షి'ని పులిదిండి వూళ్లో తీశారు. 1964 నాటి 'మూగమనసులు', 1973 నాటి 'అందాల రాముడు' చూస్తే తెరనిండా గోదావరే. గోదారి, కాలవ, వూరి బావి, ఎవరో పెద్దమనిషి ఇంటి పెరటి గోలెం. యూనిట్ మొత్తానికీ అవే దిక్కు.

అంతకంటే పెద్ద ఉదాహరణ ఒకటుంది. తెలుగువాళ్ల చరిత్రలో అందరూ ఎరిగిన మోటార్‌హోమ్ ఏది? ఇంకేది, ఎన్టీఆర్ చైతన్య రథమే! 1982 మార్చి 29న పార్టీ పెట్టి, పాత షెవర్లే వాన్‌ని సరిచేయించుకుని వూరూరా తిరిగారు. కొడుకు హరికృష్ణ స్టీరింగ్ పట్టుకున్నారు. ఆ బండి పైభాగమే వేదిక, లోపలి భాగమే విడిది. రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే భోజనం. వెండితెర మీద కిరీటంతో చూసిన దేవుడు చెట్టు కింద నీళ్లు పోసుకుంటుంటే జనం ఎగబడి చూశారు. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆరుబయట స్నానం ఆయన్ని చిన్నవాణ్ణి చెయ్యలేదు, జనానికి దగ్గర చేసింది.

కానీ ఒక్క మాట ఆలోచించండి. అది మగవాడికి, అందులోనూ మహానటుడికి చెల్లింది. ఒక హీరోయిన్ రోడ్డు పక్కన అలా నీళ్లు పోసుకోగలదా? హీరోయిన్ దాకా ఎందుకు, రోజు కూలికి వచ్చిన జూనియర్ ఆర్టిస్టు ఆడపిల్ల పోసుకోగలదా? బయటి షవర్ మంచిదా కాదా అన్న ప్రశ్నకు అసలు ముడి అక్కడుంది.

లెక్క వేద్దాం రండి

బహదూర్‌పల్లిలో గోదారి లేదు. ఆ మాటకొస్తే పైపుల్లో వుంది! 2015 చివరి నుంచి ఎల్లంపల్లి దగ్గర తోడిన గోదావరి నీళ్లు నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం నడిచి నగరానికి వస్తున్నాయి. కానీ షూటింగ్ జరిగే ఖాళీ జాగాలో ఆ నల్లా వుండదు. అక్కడ నీళ్లంటే ట్యాంకరే. హైదరాబాద్‌లో మామూలు ట్యాంకర్ ఐదు వేల లీటర్లది.

ఆ కారవాన్ ట్యాంకులో పట్టేది మూడొందల లీటర్లని డ్రైవర్ చెప్పాడు. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి మూడొందల కిలోలు మోస్తూ తిరుగుతుందన్నమాట. షవర్ నిమిషానికి ఎనిమిది లీటర్లు పోస్తుందనుకుంటే ముప్పై ఏడు నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. ఒక్కొక్కరు బురద పోయేలా కడుక్కోవాలంటే పదిహేను లీటర్లు, అంటే పొదుపుగా వాడితే ఒక బకెట్. ఇరవై ఎనిమిది మందికి నాలుగొందల ఇరవై లీటర్లు! అంటే తాళం తీస్తే సాయంత్రం హీరోగారికి లోపల ముఖం కడుక్కోవడానికి చుక్క మిగలదు. పాపం డ్రైవర్ చెప్పింది అబద్ధం కాదు.

ఇంకా చిక్కులున్నాయి. ఆ రోజే మరో కారవాన్ డ్రైవర్ ఒక తమాషా చెప్పాడు. అతను ఇదివరకు నడిపిన బండికీ ఇలాంటి షవర్ వుండేదట.

"లోపల ఏడి నీళ్లు వస్తలేవని మేడమ్ ఒకటే లొల్లి సార్. గీజర్ విప్పినం, మెకానిక్‌ని పిలిచినం. కడకు చూస్తే బయట షవర్ పిడులు రెండూ తెరిచే వున్నయ్!"

చేతిలో షవర్‌కి వున్న మీట మూసి, గోడలో పిడులు రెండూ తెరిచి వదిలేస్తే చన్నీళ్లు వెళ్లి వేణ్ణీళ్ల పైపులో కలుస్తాయి. లోపల ఎంత తిప్పినా గోరువెచ్చనే. వేసవిలో ఇంకో గమ్మత్తు. ఎండకు కాగిన పైపులోంచి మొదట వచ్చే నీళ్లు చుర్రుమంటాయి. ముందు నేలమీద కాస్త వదిలి, ఆ తర్వాతే ఒంటిమీద పోసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం కరెంటు. షూటింగ్ జరిగే చోట జనరేటర్ వాన్ నుంచి లైట్ల దాకా నేలమీద కేబుళ్లు పాముల్లా పడి వుంటాయి. కారవాన్‌కీ అక్కడి నుంచే ఒక వైరు వస్తుంది. షవర్ నీళ్లు పారి ఆ వైర్ల కింద మడుగు కడితే? ఆ యూనిట్‌లోని సీనియర్ లైట్‌మాన్ ఒకాయన, "బండి ఎటు నిలిపినా సరే, షవర్ వున్న పక్క నా కేబుల్ వుండకూడదు బాబూ. మెయిన్ దగ్గర లీకేజీకి పడిపోయే బ్రేకర్ వుండాలి. ఈ రెండూ లేకపోతే ఆ తలుపు తెరవనివ్వను" అన్నాడు. చర్చ మొత్తంలో నాకు నచ్చిన మాట ఇది.

ఆ ఏడుగురు

సరే, హీరో కడుక్కున్నాడు. ఫైటర్లు ట్యాంకర్ పైపు కింద చొక్కాలు విప్పి నిలబడ్డారు. కేకలు, నవ్వులు, నీళ్లాట. ఎనిమిది మందీ పది నిమిషాల్లో తయారు. మరి ఆ ఏడుగురు ఆడవాళ్లు? చీర కుచ్చిళ్లు బురదతో బరువెక్కి, మోకాళ్ల దాకా మట్టితో చెట్టు నీడన కూర్చున్నారు. వాళ్లలో పెద్దావిణ్ణి పలకరించాను.

"అమ్మా, మీరు కడుక్కోరా?"

"ఏడ కడుక్కోవాలె బిడ్డా? ట్యాంకర్ కాడ మొగోళ్లున్నరు. బండిలకు మమ్ముల రానియ్యరు. గా తలుపు తీసి, ముంగట ఓ పరదా కడితే సాలు. కాళ్లన్న కడుక్కుంటం."

"మరి పొద్దుటి నుంచి..." అని నేను మొహమాటంగా ఆగిపోయాను. ఆవిడకు అర్థమైంది.

"నీళ్లే తాగలే. తాగితే పోవాలె గద!"

నలభై డిగ్రీల ఎండ. పైనుంచి వాన కురిపిస్తున్నారు, కింద బురద చేస్తున్నారు, ఆవిడ మాత్రం గుక్కెడు నీళ్లు తాగలేదు!

ఇది ఒక్క బహదూర్‌పల్లి కథ కాదు. మలయాళ సినిమా రంగంలో ఆడవాళ్ల పరిస్థితి చూడమని 2017లో కేరళ ప్రభుత్వం జస్టిస్ హేమ కమిటీని వేసింది. ముగ్గురు సభ్యుల్లో మన తెనాలి ఆడపడుచు, 'ఊర్వశి' శారద ఒకరు. 2019 డిసెంబరులో ఇచ్చిన ఆ నివేదిక 2024 ఆగస్టులో గానీ బయటికి రాలేదు. దానిలోని లైంగిక వేధింపుల సంగతులు పత్రికల్లో మారుమోగాయి. కానీ అదే నివేదికలో మరో సంగతి వుంది. లొకేషన్లలో టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గదులు లేక ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తున్నారని, దానితో మూత్ర సంబంధమైన జబ్బుల పాలవుతున్నారని! ఈ సంగతి మీద చర్చ పెద్దగా జరగలేదు. నీళ్ల చెంబు పెద్ద వార్త కాదు కదా.

ఇంతకీ తీర్పు ఏమిటి?

నేను చూసినదీ, విన్నదీ కలిపి నాకు తోచింది చెబుతాను.

ఒక్క తార కోసమైతే బయటి షవర్ దండగే. లోపల బాత్‌రూమ్ వుంది. గుమ్మం దగ్గర ఒక బకెట్, మగ్గు, పాత తువ్వాలు పెడితే కార్పెట్‌కి మట్టి అంటదు. దానికోసం గోడకి కన్నం పెట్టి, పైపులేసి, తాళం కాపలా కాయడం ఎందుకు?

మీలో ఎవరైనా స్నేహితులతో కలిసి కారవాన్ అద్దెకు తీసుకుని తిరగాలనుకుంటే అది వేరు. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ టూరిజం మొదలుపెట్టాక అలాంటి సరదా మనవాళ్లకూ అంటుకుంటోంది. బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కి వెళ్లి ఉప్పునీళ్లలో మునిగి, ఇసుక కాళ్లతో వచ్చారనుకోండి, బయటి షవర్ విలువ అప్పుడు తెలుస్తుంది. నలుగురికి నాలుగు నిమిషాలు చాలు. సబ్బు మాత్రం వాడకండి, ఆ నీళ్లు నేరుగా నేలలోకి పోతాయి.

ఇక షూటింగ్ సంగతి. ఇక్కడ బయటి షవర్ వుండాలి. కానీ తాళం వేసిన తలుపులా కాదు. కారవాన్ ట్యాంకు మీద ఆధారపడకుండా పక్కన వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టి, దాన్ని మంచినీళ్లతో నింపి, షవర్‌కి కలపాలి. ఇరవై ఎనిమిది మందీ కడుక్కున్నా సగానికి పైగా మిగులుతుంది. నాలుగు గుంజలు పాతి టార్పాలిన్ కడితే ఆడవాళ్లకు మరుగు. కేబుళ్లు రెండో పక్కకి. ఇదంతా చేయడానికి ప్రొడక్షన్ వాళ్లకు గంట పని. వానకోసం ఐదు వేల లీటర్లు కుమ్మరించిన వాళ్లకు ఇంకో వెయ్యి లీటర్లు బరువా?

అయితే షవర్ పెట్టాం కదా అని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. కాళ్లు కడుక్కోవడం వేరు, బాత్‌రూమ్ వేరు. ఆడవాళ్లు పనిచేసే లొకేషన్‌కి తలుపు, గడియ, నీళ్లు వున్న బాత్‌రూమ్ బండి రావాలి. హీరోయిన్ కారవాన్ వచ్చినంత తప్పనిసరిగా రావాలి. ఆ పెద్దావిడ పొద్దున్నే కాఫీ, మధ్యాహ్నం మజ్జిగ తాగి పనిచేసిన రోజున ఆ లొకేషన్‌లో అన్నీ వున్నట్టు లెక్క.

సాయంత్రం ఆరున్నరకి ప్యాకప్ చెప్పారు. ప్రొడక్షన్ మేనేజర్ మంచివాడే. ఈ మాటలన్నీ ఓపిగ్గా విని, "రేపటికి డ్రమ్ము, పరదా పెట్టిస్తాను సార్. బాత్‌రూమ్ బండి మాత్రం ఆఫీసులో అడగాలి" అన్నాడు. మర్నాడు ఫోన్ చేసి కనుక్కున్నాను. డ్రమ్ము వచ్చింది, పరదా వచ్చింది. బాత్‌రూమ్ బండి గురించి ఆఫీసు ఇంకా ఆలోచిస్తోందట!